శనివారం కూనూరు బండి

కూనూరు వెళ్దామని పదకొండేళ్లుగా అనుకుంటున్న మనిషి, తీరా బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు డాబా మీద నుంచి పడి చనిపోయింది. పేరు క్యారల్. వయసు ముప్పై ఎనిమిది. బడిలో సంగీతం టీచరు. మంగళవారం ఉదయం పోయింది, గురువారం భూస్థాపన అయింది. శనివారం తొమ్మిది నలభైకి నేను నేరేడ్‌మెట్‌లో వాళ్ల వంటగదిలో నిలబడి ఫ్రిజ్ మీద అతికించిన కాగితం చదువుతున్నాను.

కాగితం నిండా ఆవిడ చేతిరాతే. శనివారం మధ్యాహ్నం పన్నెండు ఇరవైకి సికింద్రాబాద్‌లో రైలు. మర్నాడు కోయంబత్తూరు. మేట్టుపాళయంలో బొమ్మరైలు, కిటికీ పక్క సీటు. కూనూరులో నాలుగు రోజులు. వాన పడితే గదిలో పాటలు. మూడో రోజు ఏమీ తోచకపోతే మళ్లీ బొమ్మరైలు. అన్నిటికన్నా అడుగున, "మఫ్లర్ మర్చిపోతే శాంతి నన్ను చంపేస్తాడు" అని ఉంది. ఇన్‌స్పెక్టర్ హరికిషన్ ఆ మాట కింద ఎర్ర గీత గీసి పెట్టాడు. పోలీసు బుర్రకు వేళాకోళం ఎక్కదని నాకు ఎప్పట్నుంచో తెలుసు.

నా పేరు డోరా. ఇరవై రెండేళ్లు రిజర్వేషన్ కౌంటర్లో కూర్చుని, స్వచ్ఛందంగా రిటైరై, బోయిగూడలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచాను. చాలామంది నవ్వారు. అర టికెట్ కోసం పద్నాలుగేళ్ల కొడుకుని పదకొండేళ్లని చెప్పే తండ్రుల ముఖాలు ఇరవై రెండేళ్లు చూసినవాళ్లకు ఇంకో శిక్షణ అక్కర్లేదు. అబద్ధం చెప్పేవాడి కళ్లు ముందు చిల్లర వైపు వెళ్తాయి.

నన్ను పిలిపించింది క్యారల్ భర్త శాంతికుమార్. వంటగది గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నాలుగు రోజుల గడ్డం. పెళ్లయిన మొదటి ఏడాది నుంచీ ప్రతి దసరా సెలవులకూ కూనూరు అనుకున్నామని, ఒక ఏడాది మామగారి ఆపరేషన్, ఇంకో ఏడాది లాక్‌డౌన్, మరో ఏడాది తన బదిలీ అడ్డొచ్చాయని చెప్పాడు. ప్రతి ఏడూ ఆవిడ కొత్త కాగితం రాసి అతికించేదట. పాతవన్నీ బీరువాలో దాచిందట.

ఈసారి ఆగస్టులోనే రెండు బెర్తులు ఖాయమయ్యాయి. అయితే పోయిన శనివారం ఆవిడ తన బెర్తు ఒక్కటీ రద్దు చేసుకుంది. భర్తకు చెప్పలేదు. ఆ సంగతి ఆయనకు పోలీసులు చెప్తేనే తెలిసింది, అదీ శవపరీక్ష గది బయట.

"నాకు హంతకుణ్ని పట్టివ్వక్కర్లేదండీ" అన్నాడు. "హంతకుడున్నాడో లేడో కూడా నాకు తెలీదు. తను నాతో రావాలనుకుందా లేదా, అదొక్కటీ కనుక్కుని చెప్పండి. లేకపోతే నేను బతకలేను."

ఇలాంటి మాటకు ఓదార్పు చెప్తే కేసు పాడవుతుంది. నేను టైములు అడిగాను. మంగళవారం ఎనిమిదిం పావుకు స్కూటర్ మీద ఆఫీసుకు బయల్దేరానన్నాడు. తొమ్మిది అయిదుకు అక్క ఫోన్ చేసిందన్నాడు. అక్క సువార్త కింద వాటాలో ఉంటుంది. తల్లి పోయాక ఈయన్ని పెంచింది ఆవిడే, పెళ్లి కూడా చేసుకోలేదు.

"వీధి చివర కెమెరాలో మీ స్కూటర్ ఎనిమిది యాభై రెండుకు కనబడిందటగా. ఇంటి నుంచి అక్కడికి రెండు నిమిషాలు. మిగిలిన ముప్పై అయిదు నిమిషాలు ఎక్కడున్నారు?"

పెట్రోలు కోసం ఆగానన్నాడు. కళ్లు చిల్లర వైపు వెళ్లాయి. పెట్రోలు బంకు ఆ కెమెరా దాటాకే వస్తుందని నేను చెప్పలేదు. రాసుకున్నానంతే.

పది దాటాక డాబా ఎక్కేసరికి హరికిషన్ అక్కడే ఉన్నాడు. మా ఇద్దరికీ ఎప్పట్నుంచో పడదు. రెండేళ్ల కింద ఆయన మూసేసిన ఒక కేసు నేను తెరిచాను, దాంతో ఆయన బదిలీ త్రుటిలో తప్పించుకున్నాడు. నన్ను చూసి టోపీ సర్దుకున్నాడు.

"మేడం, గిది రిజర్వేషన్ కౌంటర్ గాదు. పదకొండు గంటలకు మీ క్లయింటును తోల్కపోతున్న. మీరు జెర పక్కకుంటే మంచిది."

తోలుకుపోవడానికి కారణాలు వరసగా చెప్పాడు. ఆయన దగ్గర ఉన్నవి తక్కువేమీ కాదు. మంగళవారం ఎనిమిది పదిహేడు నుంచి ఎనిమిది నలభై తొమ్మిది దాకా శాంతికుమార్ ఇంటి వెనక సందులో నిలబడి ఒక నంబరుతో ఫోన్లో మాట్లాడాడు. ఆ సిమ్ము ఆగస్టులో చనిపోయిన ఒక ఆడమనిషి పేరు మీద ఉంది. ఎవరంటే నోరు విప్పడు. రోజూ పొద్దున అదే నంబరుతో మాట. ఇక క్యారల్ ఫోన్లో, పోయిన శనివారం పదకొండు ఆరుకు బెర్తు రద్దు. పదమూడు నిమిషాల తర్వాత అదే రైలుకు కొత్త టికెట్. టికెట్ మెసేజ్‌లో క్యారల్ పేరు, పక్కన ప్లస్ వన్ అని మాత్రమే, రెండో పేరు లేదు.

"మొగని పక్కన బెర్తు ఇడిసిపెట్టి, అదే రైల్ల ఇంకొకనితోని టికెట్ తీస్కున్నది. ఈనకు తెల్సింది. డాబా మీదికెళ్లి నూకిండు. దీంట్ల మీకు సమజ్ గానిది ఏమున్నది?"

ఆ మెసేజ్ ఒకసారి చూపించమన్నాను. చూపించడానికి కాసేపు బెట్టు చేసి, చివరికి ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. చదివాను. రెండోసారి చదవక్కర్లేకపోయింది.

ఖాయమైన కింది బెర్తు వదులుకుని ఆవిడ ఆర్‌ఏసీ తీసుకుంది. అంటే సైడు సీటులో సగం. రాత్రంతా కూర్చుని వెళ్లాల్సి రావచ్చు. ఆ ఆర్‌ఏసీ నంబరు కూడా ఒకటే ఉంది. ఇద్దరు పెద్దవాళ్లయితే రెండు నంబర్లుండాలి. రెండో మనిషికి అసలు సీటే లేదు, ఉండదని ముందే ఒప్పుకుని తీసిన టికెట్ అది. అలాంటి టికెట్ రైల్వేలో ఒక్కరికే ఇస్తారు. అయిదు నిండి పన్నెండు నిండని పిల్లలకు. బెర్తు వద్దంటే అర టికెట్, పెద్దవాళ్ల దగ్గరే కూర్చోవాలి. ఆ పిల్ల పేరు పెద్దవాళ్ల టికెట్ మీదే ఉండాలి. ముందే తీసిన టికెట్లో తర్వాత ఇరికించడం కుదరదు. కౌంటర్లో ఈ ముక్క చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

"ఆ రెండో మనిషి మగాడు కాదు హరికిషన్ గారూ, చిన్నపిల్ల. పిల్లని తన టికెట్లో చేర్చుకోవడానికి క్యారల్ తన బెర్తు రద్దు చేసుకుంది. రైలు మారలేదు, రోజు మారలేదు. భర్తని వదిలి వెళ్లేవాళ్లు ఆయనున్న రైలే ఎక్కుతారా?"

వీళ్లకు పిల్లలే లేరు గదా అన్నాడు. నాకూ అదే అడగాలని ఉంది. దండెం వైపు నడిచాను.

కొండ ఊరికి వెళ్లేముందు ఉన్ని బట్టలు ఎండేయడం అందరం చేసేదే. క్యారల్ మంగళవారం ఆ పని మీదే డాబా ఎక్కింది. బట్టలు ఎవరూ తీయలేదు, చావింట్లో ఎవరికి గుర్తుంటుంది? శాంతికుమార్ స్వెట్టరు, దానికి రెండు క్లిప్పులు. ఆవిడ శాలువా, దానికి రెండు. మధ్యలో ఏమీ లేకుండా ఇంకో రెండు క్లిప్పులు తీగ మీద ఉన్నాయి. పనైన క్లిప్పుల్ని ఆవిడ డబ్బాలో వేస్తుంది, డబ్బా అక్కడే ఉంది, అందులో పదో పన్నెండో ఉన్నాయి. ఆ ఖాళీ క్లిప్పుల మధ్య జానెడున్నర దూరం. పెద్దవాళ్ల బట్ట ఏదీ అందులో పట్టదు. ఒక క్లిప్పు నోట్లో గులాబీ రంగు ఉన్ని పోగు ఇరుక్కుని ఉంది. పిట్టగోడ నా మోకాలి కన్నా కొంచెం ఎత్తు.

హరికిషన్ పోగును చూశాడు, నన్ను చూశాడు, "క్లిప్పులు పెట్టుకొని కేసు నడుపుతరా మేడం" అన్నాడు. కానీ పోగును కవర్లో వేయించాడు. అంత చెడ్డ పోలీసు కాదు. నా మీద కోపం తగ్గితే ఇంకా బాగా పనిచేస్తాడు.

పదీ ముప్పై అయిదుకు కింద వాటాలో సువార్తని కలిశాను. తెల్ల చీర, తీర్చి దువ్వుకున్న జుట్టు, ఒళ్లో బైబిలు. చర్చిలో స్త్రీల సమాజం పెద్ద. వందనాలు చెప్పుకున్నాం. ఆరోజు కుక్కరు పెట్టానని, ఎనిమిది యాభైకి దబ్బుమని చప్పుడు విన్నానని చెప్పింది. అంబులెన్సుకు తొమ్మిది ఒకటికి ఫోన్ చేసింది. మధ్యలో పదకొండు నిమిషాలు ఏం చేశారని అడిగాను. ప్రార్థన చేశానంది. ముఖంలో ఏమీ కదలలేదు.

నేను చర్చికి క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ వెళ్లే రకం. అయినా మావాళ్ల అలవాట్లు నాకు కొత్త కావు. ఊరెళ్లే ముందు ఆదివారం ప్రార్థన చీటీ వేయకుండా క్యారల్ లాంటి మనిషి గడప దాటదు. ఆ చీటీలు వేదిక మీద చదివేది సువార్తే. ఏడాదంతా దాచి, డిసెంబరు ఆఖరి రాత్రి ఆరాధనలో వాటి మీద మళ్లీ ప్రార్థించి అప్పుడు కాలుస్తారు. క్యారల్ చీటీ వేసిందా అని అడిగాను.

"వేసింది సిస్టర్. శాంతికుమార్, క్యారల్ దంపతుల ప్రయాణం క్షేమంగా జరగాలని. నేనే చదివాను."

చూడొచ్చా అన్నాను. చర్చి లాకర్లో ఉన్నాయని, ఎలాగూ అటే వెళ్తున్నానని, తెచ్చి చూపిస్తానని లేచింది. చేతిసంచీ తీసుకుని, చెప్పులేసుకుని, పది యాభైకి గేటు దాటింది. నా బుద్ధి గడ్డి తిని నేను ఆవిడకు గేటు తీసి పట్టుకున్నాను.

తర్వాత అరగంట శాంతికుమార్‌ని వదిలిపెట్టలేదు. ఏ పిల్ల అన్నాను. తెలీదన్నాడు. ఆ చనిపోయినావిడ సిమ్ము ఎవరి చేతిలో ఉందన్నాను. ఆయన ఫోన్ మోగింది, కట్ చేశాడు. కాసేపటికి మళ్లీ మోగింది, మళ్లీ కట్ చేశాడు. పదకొండు దాటి చాలాసేపైందని హరికిషన్ గడియారం చూపించాడు. అప్పుడు నేను విసుగ్గా, మీ అక్క లాకర్ నుంచి చీటీ తెచ్చేదాకైనా ఆగమన్నాను.

"చర్చిలో లాకరెక్కడిదండీ?" అన్నాడు శాంతికుమార్. "చీటీల డబ్బా అక్క బీరువాలోనే ఉంటుంది."

ఆయన దగ్గర మారు తాళం ఉంది. హరికిషన్ ముందు నిలబడ్డాడు, ఆయన కానిస్టేబులు వీడియో తీశాడు. బీరువా కింది అరలో బిస్కెట్ల డబ్బా. దాని వెనక, పాత దుప్పటి మడతలో, గులాబీ రంగు చేతి అల్లిక స్వెట్టరు. ఆరేళ్ల పిల్లకు పడుతుంది. ఎడమ భుజం దగ్గర అల్లిక తెగి, పోగులు వేలాడుతున్నాయి. ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టి లాగితే తప్ప అంత గట్టి అల్లిక అలా తెగదు. హరికిషన్ ఈసారి క్లిప్పుల గురించి మాట్లాడలేదు.

డబ్బాలో చీటీలు ఏ ఆదివారానికి ఆ ఆదివారం రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. ఆఖరి కట్టలో నాలుగోది క్యారల్‌ది. పైన "బయటికి చదవకండి వదినా, మనసులో ప్రార్థించండి" అని ఉంది. ఎదురుగా చెప్పలేని మాట ఆడపడుచుకు ఆ విధంగా చెప్పుకుంది పిచ్చితల్లి. నేను గట్టిగా చదివాను.

"నేను, శాంతి, మా పాప హిమజ శనివారం కూనూరు వెళ్తున్నాము. నా టికెట్ ఆర్‌ఏసీలో ఉంది, పాప పడుకోవడానికి బెర్తు దొరకాలి. నాకు తెలిసిపోయిందని శాంతికి రైల్లో చెప్తాను. ఆయన భయపడకూడదు. నేను చాలా ఏడ్చాను, ఇప్పుడు ఏడవడం లేదు. పాపకు నేను నచ్చాలి."

శాంతికుమార్ అడిగిన దానికి జవాబు అదే. రావాలనుకుంది. ఆయనతోనే, ఆయన దాచిన దానితో సహా. గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. ఏడుపు కూడా సరిగ్గా రాలేదు. నాకు జాలి వేసింది, ఒళ్లు మండిపోయింది కూడా. హిమజ ఎవరన్నాను.

"ఆఫీసులో పనిచేసిన ఒకావిడ కూతురండీ. ఆగస్టులో డెంగీతో పోయింది. పాప అమ్మమ్మ బాలమ్మ దగ్గర, బోయిగూడలో ఉంటుంది. రోజూ పొద్దున ఆ సిమ్ముకే ఫోన్ చేసి పాపతో మాట్లాడతాను."

తండ్రెవరన్నాను. చీటీ వైపు చూస్తూ ఉండిపోయాడు. అంత రాసి పెట్టిన భార్య చీటీ ఎదురుగా ఉన్నా ఆ ఒక్క మాట ఆయన నోట రాలేదు. ఏడేళ్లు దాచిన మనిషికి దాచడమే అలవాటైపోయింది.

సువార్త సంగతి ఇక చెప్పక్కర్లేదు. తమ్ముడి పరువు కోసం బతుకంతా ఇచ్చిన మనిషి మంగళవారం డాబా ఎక్కి, ఆ పిల్లను తీసుకురావద్దంది. క్యారల్ చేతిలో స్వెట్టరు లాక్కోబోయింది. వెనక పిట్టగోడ ఉంది. చంపాలనుకుని ఉండదు. పదకొండు నిమిషాల్లో స్వెట్టరు దాచింది. చీటీ మాత్రం చింపలేకపోయింది. దేవుడికి రాసిన కాగితం చింపడానికి ఆవిడకు చెయ్యి రాలేదు.

ఫోన్ మూడోసారి మోగింది. కట్ చేయబోతుంటే నేను లాక్కున్నాను. తెర మీద బాలమ్మ అని ఉంది. అందరికీ వినబడేలా పెట్టాను. అప్పుడు టైము పదకొండు ముప్పై ఎనిమిది.

"సారూ, ఎన్నిసార్లు చేసిన ఎత్తవైతివి. పాప దగ్గు మందు ఈడనే మర్చిపోయింది. మీ అక్క వచ్చి జల్ది జల్ది తోల్కపాయె గద, క్యారలమ్మ టేషన్ల ఎదురుచూస్తున్నదని. క్యారలమ్మ ఫోను కలుస్తలేదు. రాత్రి నిద్రల దగ్గొస్తది పిల్లకు, జెర ఆమెకు చెప్పు."

ఎప్పుడు తీసుకెళ్లిందని అడిగాను. పదకొండుంబావుకు, ఆటోలో. అంటే మొదటి ఫోన్ ఎత్తి ఉంటే ఆ ఆటో ఇంకా వీధి చివరే ఉండేది. క్యారల్ ఎనిమిది వారాలుగా ప్రతి శనివారం వచ్చి పాపకు పాటలు నేర్పేదని, స్వెట్టరుకు కొలత తీసుకుందని, సారుకు చెప్పొద్దని ఒట్టేయించుకుందని, ఇక దాచేదేముందనుకుని బాలమ్మ సంతోషంగా చెప్పుకుపోతోంది. క్యారల్ చనిపోయినట్టు ఆ ముసలామెకు ఎవరూ చెప్పలేదు. మాలో ఎవరికీ అప్పుడు చెప్పే ధైర్యం కూడా లేకపోయింది.

సువార్త ఫోన్ స్విచాఫ్. బాలమ్మ ఇల్లు ఎక్కడో ఆవిడ మంగళవారం డాబా మీద క్యారల్ నోటే విని ఉంటుంది. ఆవిడ పిల్లను చంపుతుందని నేను అనుకోలేదు. దానికన్నా సులువైన పద్ధతి స్టేషన్లో ఉంది. పన్నెండూ ముప్పావు లోపు అక్కణ్నుంచి నాలుగు దిక్కులకూ బళ్లు కదులుతాయి. ఏదో ఒక జనరల్ పెట్టెలో పిల్లను కిటికీ పక్కన కూర్చోబెట్టి, క్యారల్ వస్తుందని చెప్పి దిగిపోతే చాలు. పిల్ల ఏడవదు, ఎవరినీ అడగదు, రెండు రాష్ట్రాలు దాటేదాకా బుద్ధిగా ఎదురుచూస్తుంది. అలా పోయిన పిల్లల ఫోటోలు మా కౌంటర్ పక్క గోడకు అతికించేవాళ్లు. అందులో తిరిగొచ్చినవాళ్లు నాకు తెలిసి ఇద్దరో ముగ్గురో.

హరికిషన్ అప్పటికే రైల్వే పోలీసులతో ఫోన్లో ఉన్నాడు. పేరు హిమజ, వయసు ఆరు, వెంట తెల్ల చీర ఆడమనిషి. అవతల వాళ్లేదో అడిగారు. ఆయన ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి శాంతికుమార్ వైపు తిరిగాడు.

"పెద్దమనిషి లెక్క ఉన్నామె పాప చెయ్యి పట్టుకొని పోతుంటే ఎవ్వడు ఆపుతడు? కంప్లైంటు ఇచ్చేటోడు పాపకు ఏమైతడని అడుగుతున్రు. తండ్రి పేరు కావాలె. ఎవరిది రాయమంటవు?"

శాంతికుమార్ గోడ పట్టుకుని లేచాడు.

"నాదే రాయండి. శాంతికుమార్. పాప నా కూతురు."

గట్టిగానే అన్నాడు. హరికిషన్ ఆ పేరు ఫోన్లో రెండుసార్లు చెప్పి, స్టేషన్లో మైకులో పిలిపించమన్నాడు. నాన్న పిలుస్తున్నాడంటే పాప వస్తుందా అని అడిగాడు.

"రాదండీ" అన్నాడు శాంతికుమార్. "నన్ను అంకుల్ అంటుంది. నాన్న ఉన్నాడని దానికి తెలీదు. క్యారల్ పిలుస్తోందని చెప్పమనండి. ఆ పేరుకైతే పరుగెత్తుకుని వస్తుంది."